పంచకంలో పోయిన గది

తాయారప్ప కేక వినబడితే బోటాటౌంగ్ రేవు పక్క సందుల్లో తెల్లవారినట్టే లెక్క. ఉడకబెట్టిన బఠానీలు తట్టకెత్తి, పైన అరిటాకు కప్పి, నెత్తిన పెట్టుకుని బర్మా భాషలో సాగదీసి పిలిచేది. ఇక్కడి బర్మావాళ్ళకు పొద్దుటి అన్నంలో ఆ బఠానీలు, కాస్త నూనె పడకపోతే ముద్ద దిగదు. ఆ కేకలో తెలుగు ముక్క ఒక్కటీ ఉండేది కాదు గానీ, ఆ సాగదీత మాత్రం అచ్చంగా శ్రీకాకుళం వైపుదని మా నాన్న నవ్వేవాడు. తాయారప్ప శ్రీకాకుళం చూడలేదు. వాళ్ళమ్మా చూడలేదు.

నా పేరు రాధారాణి. రేవు లైన్లలో తాయారప్ప పక్క గది నాది. కుట్టుమిషను నా బతుకుదెరువు. ఆవిడకూ నాకూ మధ్య ఉన్నది ఒక్క చెక్కగోడ. ఆవిడ పొయ్యి మీద బఠానీలు ఎంతవరకు ఉడికాయో నా ముక్కుకి తెలిసేది, నా మిషను ఆగిపోతే నేను భోంచేశానో లేదో అని ఆవిడ గోడ తట్టేది. అంచేత ఆవిడ గది ఎలా పోయిందో నేనే చెప్పాలి. లైన్లలో వేరేవాళ్ళని అడిగితే సగంమంది సర్కారుని తిడతారు, సగంమంది నక్షత్రాన్ని తిడతారు. నాకు రెండింటి మీదా కోపమే.

లైన్లంటే మా తాతలు రేవులో బస్తాలు మోసిన కాలంలో కూలీల కోసం కట్టిన బారు ఇళ్ళు. ఇంటికో గది. ముందు కాలువ, వెనక పొయ్యి పెట్టుకునేంత చోటు. అరుగు లేదు, వసారా లేదు. అద్దెలో ముప్పాతిక వంతు సర్కారు భరిస్తుంది, పావు వంతు మేం కడతాం. ఈ ఊళ్ళో బయట గదుల అద్దెలు తెలిసినవాళ్ళకి ఆ పావు వంతు సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బఠానీలు అమ్ముకునే మనిషి నడిబొడ్డున తలుపు గడియ వేసుకుని నిద్రపోగలిగిందంటే ఆ రాయితీ చలవే.

కిందటేడు వేసవిలో గృహాల ఆఫీసు వాళ్ళు కొత్త నిబంధన తెచ్చారు. ఇకమీదట రాయితీ వేరే నీడ లేనివాళ్ళకే. గదికి రెండు నెలలు మించి తాళం ఉంటే అందులో ఉండేవాళ్ళకి ఆ గది అవసరం లేదన్నమాట. రాయితీ పోతుంది, దాంతోపాటు గదీ పోతుంది. గోడకి అంటించిన ఆ కాగితం చదివి నేను లోలోపల సంతోషించాను. ఎందుకంటే మా లైన్లోనే లింగరాజు ఉన్నాడు. పప్పుల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి, లమ్మడాలో నాలుగు గదుల ఫ్లాటు కొనుక్కుని, ఇక్కడి గదిని ఇంకొకడికి మూడింతల అద్దెకిచ్చాడు. ఇలాంటివాళ్ళ ఆట కడుతుందిలే అనుకున్నాను.

వానలు ముదిరిన రోజుల్లో తాయారప్ప భర్త కన్నయ్య బావ మంచం పట్టాడు. నాలుగు దశాబ్దాలు రేవులో బరువులెత్తే వించీలకి నూనె పెట్టిన మనిషి. నవ్వితే దగ్గొచ్చేది, అయినా నవ్వడం మానేవాడు కాదు. ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయని ఆసుపత్రిలో ఇంటికి పంపేశారు. ఆ మధ్యాహ్నం ఊపిరి ఎగబోస్తుంటే లైన్లలో పెద్దమనిషి దండాసి వచ్చాడు. చావైనా పెళ్ళయినా మాకు తిథి చూసేది ఆయనే. వెనకటికి సంచిలో పంచాంగం ఉండేది, ఇప్పుడు ఫోన్లో చూస్తాడు. చూసి, మొహం మాడ్చుకున్నాడు.

"దనిష్ట నడస్తన్నాది తాయారూ. మావని బైట పడుకోబెట్టించు. లోపల పాణం పోతే ఆర్నెల్లు ఇల్లు ముయ్యాల" అన్నాడు.

మావాళ్ళందరికీ తెలిసిన సంగతే. ధనిష్ఠా పంచకంలో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటిని ఆరు నెలలు వదిలేయాలి. దీపం పెట్టకూడదు, గడప దాటకూడదు. దాటితే ఆ ఇంటివాళ్ళలో ఇంకొకరు పోతారని భయం. అందుకే చివరి ఘడియల్లో మనిషిని అరుగు మీదకి తెస్తారు. మా గదులకి అరుగులేవీ? గడప దాటితే కాలువే. ఆ రోజు కాలువ పొంగి రోడ్డుని ముంచేసింది, వాన కుండపోత.

తాయారప్ప భర్త తల ఒళ్ళోంచి దించలేదు. "ఇంత వానలో మా మావని కాలవ్లో పడుకోబెట్టమంతావేటి? ఆర్నెల్లూ నాను బైటుంతాను. ఆయన్ని మాత్తరం తడవనివ్వను" అంది.

ఆయన ఆ ఒళ్ళోనే, పొడిగా, వెచ్చగా పోయాడు.

కర్మలు గుడి ఆవరణలోనే కానిచ్చి, గదికి తాళం వేసి, తాయారప్ప ఊరి అవతల తాకేటాలో ఉన్న కూతురు బేబీ ఇంటికి వెళ్ళింది. ఇల్లంటే బేబీ, అల్లుడు సూరి అద్దెకుంటున్న ఒక్క గది. సూరి వెల్డింగు షెడ్డులో పని చేస్తాడు, మంచివాడే. ఈ ఊళ్ళో కొత్తమనిషి ఎవరింట్లోనైనా పడుకుంటే వార్డు ఆఫీసులో చెప్పి పేరు రాయించాలి. తాయారప్ప మొదటి రోజే వెళ్ళి రాయించింది. పోలీసువాడి లాఠీ కంటే వార్డు గుమాస్తా కళ్ళద్దాలంటే ఆవిడకి ఎక్కువ భయం.

లింగరాజు తల్లి పోయినప్పుడూ పంచకమే. ఆవిడ పోయింది లమ్మడా ఫ్లాటులో. నాలుగు గదుల్లో ఆవిడ పోయిన గది ఒక్కటీ మూసి, మిగతా మూడింట్లో వాళ్ళు హాయిగా ఉన్నారు. శాస్త్రం తప్పలేదు, నిద్ర చెడలేదు. ఒక్క గదిలో బతికేవాళ్ళు ఒక గది మూయాలంటే మొత్తం బతుకే మూయాలి. దండాసికి ఈ మాట మొహం మీదే చెప్పాను. శాస్త్రం అందరికీ ఒకటేనన్నాడు. ఆఫీసువాళ్ళూ ఇదే ముక్క అంటారు, నిబంధన అందరికీ ఒకటేనని. అందరికీ ఒకటే అన్నది ఎప్పుడూ లేనివాడి నెత్తినే వచ్చి పడుతుంది.

రెండు నెలలు దాటాక ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారు. వచ్చినావిడ డో మ్యాయీ, నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. ఇక్కడ పెద్దావిడల పేరు ముందు డో అని, చిన్నవాళ్ళ పేరు ముందు మ అని పెట్టి పిలుస్తారు. తాళం చూసింది, నన్ను పిలిచింది. నేను పంచకం గురించి వివరించాను. ఆవిడ వెటకారం చేయలేదు, శ్రద్ధగా విన్నది. తమలో మనిషి పోతే ఏడు రోజులు తలుపు మూయకుండా బంధువులంతా ఆ ఇంట్లోనే కూర్చుంటారని, చనిపోయినవాళ్ళకి తోడుగా ఉంటారని చెప్పింది. మీరు వదిలి వెళ్ళిపోతారా అని ఆశ్చర్యంగా అడిగింది. వెళ్ళిపోవడం కాదమ్మా, తిరిగి రావడానికే వెళ్ళడం అన్నాను.

అప్పుడావిడ నన్నే ఎదురు అడిగింది. మాండలే వైపు భూకంపంలో ఇళ్ళు కూలినవాళ్ళు పిల్లల్ని వేసుకుని మఠాల వసారాల్లో పడుకుంటున్నారు, వాళ్ళు వచ్చి తాళం వేసిన గదిని చూపించి అడిగితే తానేం చెప్పాలంది. ఒక ఆచారానికి మినహాయింపు ఇస్తే పదిమంది పది ఆచారాలు తెస్తారంది. పైగా తాయారుకి తాకేటాలో నీడ ఉన్నట్టు వార్డులో నమోదై ఉందంది. లింగరాజు గది సంగతి కూడా నేను దాచలేదు. వెళ్ళి చూశారు. అక్కడ దీపం వెలుగుతోంది, పొయ్యి వెచ్చగా ఉంది, అద్దెకున్నవాడు లింగరాజుకి తమ్ముణ్ణన్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకుని వెళ్ళిపోయారు. డో మ్యాయీ మాత్రం వెళ్ళేముందు నాతో, వారం లోపల తాయారు వచ్చి గదిలో ఉంటే తాను తాళం చూడనట్టే అనుకుంటానంది.

మర్నాడే బస్సెక్కి తాకేటా పోయాను. బేబీ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, ఏడో నెల. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. తాయారప్ప దాని పాదాలకి నూనె రాస్తోంది. సంగతంతా చెప్పి, "వచ్చి పడుకో అప్పా. ఉత్తినే పడుకో, సాలు" అన్నాను.

ఆవిడ నూనె రాయడం ఆపలేదు. బేబీయే ఏడ్చింది, నాకోసం ఇల్లు పోగొట్టుకోవద్దమ్మా అని. ఆ పిల్ల తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ మాట్లాడేది బర్మా భాషే. తాయారప్ప నా వైపు తిరిగింది.

"గది పోతే ఇంకో సోట అడుక్కుంతాను రాదా. దీని కడుపు మల్లీ ఎవరినడుక్కోవాల?"

పోట్లాడదామనే వెళ్ళాను. నూనె గిన్నె ఆవిడ చేతికి దగ్గరగా జరిపాను. దెయ్యం లేదు, పంచకం లేదు అని అనడం తేలికే, రెండుసార్లు పోయిన కడుపు పక్కన కూర్చుని అనడం తేలిక కాదు. తిరుగు బస్సులో కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నా మీద నాకే చిరాకేసింది.

గది పోయింది. ఆఫీసు మనుషులు తాళం కోశారు. బఠానీల పెద్ద డేగిసా, కన్నయ్య బావ మడతమంచం, దేవుడి పటాలు నా గదిలో పెట్టించుకున్నాను. వారం తిరగకుండా మ నిలార్ అనే అమ్మాయి చంటిపిల్లతో, ముసలి తండ్రితో దిగింది. భూకంపంలో ఇల్లు కూలినప్పుడు భర్త అందులోనే ఉండిపోయాడట. ఆ పిల్లని చూస్తే తిట్టాలనిపించలేదు. తిట్టడానికి ఒక మనిషైనా దొరక్కపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

బేబీకి చలికాలం మొదట్లో ఆడపిల్ల పుట్టింది, బాగుంది. అదే తాకేటాలో కొత్త కష్టం తెచ్చింది. ఒక్క గదిలో నలుగురు ఎక్కువని ఇంటాయన అద్దె పెంచాడు. పొగ పడదని బఠానీలు ఉడకబెట్టనివ్వలేదు. ఉడకబెట్టినా అంత దూరం నుంచి రేవుకి ఎప్పుడు చేరాలి? తాయారప్ప టీకొట్లో కప్పులు కడగడానికి కుదిరింది. రాత్రిళ్ళు సూరి మెట్ల కింద పడుకుంటున్నాడు, అత్తగారు లోపల పడుకోవాలని.

ఆరు నెలలు నిండిన రోజు పొద్దున్నే తాయారప్ప లైన్లలోకి వచ్చింది. తలంటుకుంది. చేతిలో ఇత్తడి చెంబు, అందులో పసుపు నీళ్ళు, మామిడి కొమ్మ. ఇల్లు వదిలినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు చేసే శుద్ధికి కావలసినవన్నీ సర్దుకొచ్చింది. గది పోయిన సంగతి మర్చిపోయిందా, మతి తప్పిందా అనుకున్నాను. గది ఇప్పుడు మనది కాదప్పా అన్నాను మెల్లగా.

"తెలుసే. ఆ ఇంట్లో పసిగుడ్డున్నాదన్నావు కదా. పంచకం సంగతి ఆలకేటి తెలుసు పాపం" అంది.

మ నిలార్ తలుపు తీసింది. తాయారప్ప చక్కటి బర్మా భాషలో, నేను ఇంతకుముందు ఇక్కడుండేదాన్ని, నీ పిల్లకి మంచి జరగాలని నీళ్ళు చల్లి పోతానంది. ఆ అమ్మాయి చేతులు జోడించి లోపలికి పిలిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. తాయారప్ప నాలుగు మూలలా పసుపు నీళ్ళు చల్లింది, మామిడాకులు గుమ్మానికి కట్టింది. కిటికీ కింద, సరిగ్గా కన్నయ్య బావ ప్రాణం పోయిన చోట, చాప మీద ఆ పిల్ల నోట్లో వేలేసుకుని నిద్రపోతోంది. తాయారప్ప వంగి చూసింది. వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగింది. మూడు నెలలు దాటిందంది తల్లి. జ్వరాలవీ వచ్చాయా అని అడిగింది. ఒక్కటీ లేదు, మఠంలో ఉన్నన్నాళ్ళూ దగ్గుతూనే ఉండేది, ఈ గదిలోకొచ్చాకే ఒళ్ళు చేసింది అని ఆ తల్లి సంతోషంగా చెప్పింది.

తాయారప్ప పిల్ల తల నిమిరింది. వచ్చి నా గడప మీద కూర్చుంది. చెంబులో మిగిలిన నీళ్ళు కాలువలో పోసింది. పక్కనే ఆ గుమ్మానికి ఆవిడ కట్టిన మామిడాకులు కనిపిస్తున్నాయి.

"తుమ్ము కూడా రాలేదట రాదా, ఆ పిల్లకి" అంది. ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుంది. "మరి నానెందుకెల్లిపోనాను?"

నువ్వు వెళ్ళబట్టే కదా నీ మనవరాలు దక్కింది అన్నాను. నమ్మి అన్న మాట కాదు. ఆవిడ తలూపింది. నమ్మి ఊపింది కాదని నాకు తెలుసు. టీకొట్టుకి ఆలస్యమవుతుందని చెంబు నాకిచ్చి, తాకేటా బస్సు కోసం నడిచి వెళ్ళింది.