నీళ్లు పోసిన పొయ్యి

నా చిన్నప్పుడు, నయాపైసలు వచ్చిన కొత్తలో, మా మేనత్త తన యాభై రెండో ఏట ఒక ఇల్లు కొన్నది. కొన్న తొమ్మిదో రోజున, పట్టపగలు, వీధంతా చూస్తుండగా ఆమెను ఆ ఇంట్లోంచి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తల్లి లేని నన్ను ఆమే పెంచుతుండేది. ఆ రోజు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. చూసినంత చెబుతాను, విన్న మాటలు కలపను.

సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల ఊరు అది. మా అత్త పుట్టిందీ మెట్టిందీ వేరే ఊళ్లలో. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మేది. పెనిమిటి పోయాక ఇరవై ఏళ్లు ఆ ఊళ్లో వాళ్ల వసారాలో, వీళ్ల చూరు కింద తలదాచుకున్నది. వాన వస్తే గంప ఎక్కడ పెట్టుకోవాలో, తాను ఎక్కడ పడుకోవాలో ఇంటివాళ్లు చెప్పాలి. ఆ ఇరవై ఏళ్లలో దాచినదానికి చెవుల కమ్మలు కూడా కలిపి, ఒక ముసలాయన దగ్గర మట్టిగోడల ఇల్లు కొన్నది. పైన తాటాకు కప్పు. ఆయన రిజిస్టరు కాగితం మీద వేలిముద్ర వేసి, చిల్లకూరు దగ్గర కూతురింటికి వెళ్లిపోయాడు.

ఆయన మేనల్లుడు పక్క వీధిలోనే ఉండేవాడు. ఆ ఇల్లు తనకే వస్తుందని అతను ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. అతని తల్లి పుట్టింది ఆ ఇంట్లోనే. కోర్టుకు వెళ్లే ఓపిక అతనికి లేదు. ఇల్లే లేకుండా చేస్తే ఆ కాగితంతో ఆమె ఏం చేసుకుంటుందని అతని ఆలోచన.

ఆ ఉదయం తన పడవలో పనిచేసే నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల చేతుల్లో గడ్డపారలు, వెదురు గెడలు. వస్తూనే వాకిట్లో నీళ్ల కుండలు పగలగొట్టారు. ముందు చూరు తాటాకు రెండు వరసలు లాగి పడేశారు. అప్పుడు వాళ్లలో పెద్దవాడు, మెల్లకన్నాయన, కప్పులోంచి వస్తున్న పొగ చూసి చెయ్యెత్తి ఆపాడు.

ఆ ఊళ్లో ఒక కట్టడి ఉండేది. పొయ్యిలో నిప్పు ఉండగా ఇంటి కప్పు మీద చెయ్యి వేయకూడదు. ఒక్క రవ్వ ఎగిరితే వరసలో తాటాకిళ్లన్నీ అంటుకుంటాయి కనుక పెద్దలు పెట్టినది. కప్పు మార్చాలన్నా, ఇల్లు విప్పాలన్నా ఆ ఇంటి ఆడమనిషే నిప్పును పెంకులో ఎత్తి పక్కింట్లో ఇచ్చి రావాలి. పరాయివాళ్లు ముట్టకూడదు. ఇంకొకరి పొయ్యిలో నీళ్లు పోయడమంటే ఆ ఇంట్లో చావు కోరడమే.

"నిప్పెత్తుకో అక్కా" అన్నాడు మెల్లకన్నాయన.

"బిడ్డ ఆకలితో ఉండాది. అన్నం ఉడకనీ అన్నా" అన్నది అత్త.

వాళ్లు బీడీలు ముట్టించుకుని కూర్చున్నారు. అన్నం దిగింది. అత్త పులుసు పెట్టింది. పులుసు దిగాక సంగటికి ఎసరు పెట్టింది. ఆ తర్వాత ఉత్త నీళ్లు పెట్టింది.

"ఏందక్కా, పెండ్లి వంటా?" అన్నాడు ఒకడు.

"కూసోండి, మీకూ పెడతా. ఇల్లు పీకాలంటే బలం ఉండొద్దా?"

వాకిట్లో నవ్వులు లేచాయి. ఆ నవ్వును మేనల్లుడు ఓర్చుకోలేకపోయాడు. లోపలికి వచ్చి ఆమెను చెంప మీద కొట్టాడు. పడిపోతే డొక్కలో తన్నాడు. జుట్టు చేతికి చుట్టుకుని గడప దాటించాడు. ఆమె లేవబోతే గెడతో మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు లోపల ఉన్న నాకు వినిపించింది. వీధిలో ముప్పైమంది దాకా ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. ఆమె బయటి ఊరి మనిషి, అతను వాళ్లవాడు.

ఆమె ఏడవలేదని రాయను. పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపులోనే నన్ను కేకేసింది.

"పాపా, పొయ్యి ఆరనీబాక."

పుల్లలు అయిపోయాయి. పీకిన తాటాకు వాకిట్లో వాళ్ల కాళ్ల దగ్గర ఉంది. ఏం వెయ్యమంటావని అరిచాను. "గంప వెయ్యి" అన్నది. ఆ గంపే మాకు కూడు పెట్టేది. కాళ్లతో తొక్కి, విరిచి, ముక్కలు పొయ్యిలో వేశాను. ఉప్పు పట్టిన వెదురు చిటపటమంటూ మండింది.

అప్పుడు మేనల్లుడు ఆ ఊరివాడు చేయకూడని పని చేశాడు. మూలన చేపలు ఊరవేసే ఉప్పునీళ్ల కుండ ఉంది. దాన్ని ఎత్తి పొయ్యిలో కుమ్మరించాడు. ఆ విసురుకు ఎసరు కుండ బోర్లపడి, మరిగే నీళ్లు నా ఎడమ పాదం మీద పడ్డాయి. తోలు ఊడి వచ్చింది. వాకిట్లో వాళ్లు లేచి నిలబడింది నా అరుపుకు కాదు, పొయ్యిలోంచి లేచిన ఆవిరికి.

"ఇంక ఎక్కండి" అన్నాడు మేనల్లుడు.

ఎవరూ ఎక్కలేదు. మెల్లకన్నాయన తన గెడ నేల మీద పెట్టేశాడు. "పొయ్యార్పినోడితో నేను పడవెక్కనురా. రేపట్నించి నువ్వే తోసుకో" అన్నాడు. మిగతా ముగ్గురూ ఆయన వెనకే వెళ్లిపోయారు. మనుషులు లేకపోతే వల లాగలేడు. అతను గోడను గడ్డపారతో రెండు పోట్లు పొడిచాడు. మూడోది పొడవలేదు.

కాసేపటికి అతని తల్లి వచ్చింది. వచ్చీ రాగానే కొడుకు చెంప పగలగొట్టింది. "నా తల్లి నాకు కూడొండిన పొయ్యిరా అది" అన్నది. వెనక్కి వెళ్లి, తన ఇంటి నిప్పులు పెంకులో పెట్టుకుని, చంకన పుల్లల మోపుతో మళ్లీ వచ్చింది. ఆర్పినవాళ్ల ఇంటినుంచే నిప్పు తిరిగి వస్తే దోషం పోతుందని అక్కడి నమ్మకం. తడి బూడిద చేతులతో తోడి పారేసి, నిప్పు పెట్టి ఊదింది. మా అత్త వైపు చూడలేదు.

"నీ మీద ప్రేమతో కాదు. నా కొడుకు పడవెక్కాల" అన్నది.

మా అత్త విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. "ఆ పుల్ల కొంచెం లోపలికి తొయ్యి" అన్నది.

నాకు కోపం వచ్చింది. పాదానికి పసరు కట్టించుకుంటూ, ఆమె నిప్పు మనకెందుకని అడిగాను. అవతల పారేద్దామన్నాను.

"కొడుకు కోసమే తెచ్చింది, నాకు తెలీదా? ఎవురి కోసం తెస్తే ఏంది, అన్నం ఉడికిందా లేదా?" అన్నది అత్త.

మా అత్త ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు ఉన్నది, ఆ ఇంట్లోనే పోయింది. మోచెయ్యి వంకరగా అతుక్కోవడంతో, కొత్త గంప కొన్నాక దాన్ని నెత్తికెత్తడానికి ఇంకొకరు కావలసి వచ్చేది. మేనల్లుడు తప్పయిందని ఏనాడూ అనలేదు. అతని తల్లి మాత్రం అప్పుడప్పుడు ఆ గంప ఎత్తి పెట్టేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

పోయిన నెల మా ఆయన చనిపోయారు. చావింట్లో పొయ్యి వెలిగించరు. వాటాల తగాదాతో చాలా ఏళ్లుగా మాటల్లేని మా తోడికోడలు మొదటి రోజే క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. నలుగురూ ఏమన్నా అనుకుంటారని తెచ్చిందిలే అని మా అమ్మాయి గొణిగింది. అయి ఉండొచ్చు. తల వంచుకుని కూర్చున్న నాకు, నున్నగా మెరిసే ఎడమ పాదం కనిపిస్తూ ఉంది. లేచి వెళ్లి మూత తీశాను. అన్నం ఇంకా వేడిగానే ఉంది. కంచం తెమ్మని మా అమ్మాయికి చెప్పాను.