తాన్ గారి గరాజులో మోగిన డోలు

మా ముత్తాత వీరభద్రరాజు గారు మొఖాసాదారు, కొన్ని ఊళ్ల శిస్తు ఆయనదే. ఆయన సవారీ గడప దాటితే గుమ్మం మీది నగారా మోగేది. వీధి అరుగుల మీద జనం లేచి నిలబడేవారు. మా తాత నరసింహరాజు గారి నాటికి ఊళ్లు పోయాయి, నగారా మిగిలింది. మా నాన్నగారి నాటికి పేరు చివర రాజు మాత్రమే మిగిలింది.

గొప్పకు చెప్పడం లేదు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మగవాళ్లు వాయిద్యానికి కాలు కదపరు. ఆడేవాళ్లు ఆడతారు, మేం కూర్చుని చూస్తాం. నేను దాన్ని న్యూజిలాండ్ దాకా మోసుకొచ్చాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను.

రెండువేల అయిదు ప్రాంతంలో టకానిని అనే నగర శివారులో, కొత్తగా వేసిన వీధిలో ఇల్లు కొన్నాం. పక్కింట్లో తాన్ గారు, ఆయన కూతురు లిన్. చైనాలో కొండల్లో ఉండే తుజియా జాతివాళ్లు. పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. కంచె మీదుగా ముల్లంగి అందించేవారు, మా ఆవిడ గోంగూర ఇచ్చేది. ఆయన కుడి భుజం పాత దెబ్బ వల్ల పైకి లేచేది కాదు, అన్నీ ఎడం చేత్తోనే. మోకాళ్లు మాత్రం పసివాడివి. పూటంతా మడి పక్కన గొంతుక్కూర్చుని కలుపు తీసేవారు. నాకది అసూయగా ఉండేది. విజయనగరంలో స్కూటర్ మీంచి పడ్డాక నా కుడి మోకాలికి ఉక్కు పలక వేశారు. అది సగం కంటే వంగదు.

కొన్నాళ్లకు ఒక చలికాలంలో ఆయన పోయారు. శవపేటికను ఇంటికి తెచ్చి గరాజులో పెట్టారు. ముసలివాళ్లు పోతే వాళ్లలో డోలు కొట్టి, పేటిక ముందు మగవాళ్లు జంటలుగా ఆడతారట. వాళ్ల ఊళ్లో అయితే రాత్రంతా సాగుతుంది. ఇక్కడ చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేస్తారని శనివారం మధ్యాహ్నానికి మార్చుకున్నారు. ఆడవాళ్లు ఆడకూడదు.

డోలు కొట్టడానికి ఆయన ఊరివాడే ఒకాయన దక్షిణ దీవిలోని రిక్కార్టన్ నుంచి వచ్చాడు. ఆడటానికి నలుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు. పొగమంచుకు వెల్లింగ్టన్ విమానం రద్దయి నాలుగోవాడు ఆగిపోయాడు. లిన్ మా గుమ్మం ముందుకొచ్చి ఏడ్చింది. తండ్రి పోయినందుకు కాదు, జంట కుదరనందుకు. సరిగ్గా సాగనంపకపోతే ఆ బాధ తనను జీవితాంతం వదలదంది.

“మిస్టర్ రాజు, మీరు ఊరికే నిలబడితే చాలు.”

“మా ఇంట్లో మగవాళ్లు ఆడరమ్మా. కూర్చోమంటే కూర్చుంటాను,” అన్నాను.

గరాజులో నాకూ మా ఆవిడకూ కుర్చీలు వేశారు. డోలాయన నన్ను ఎగాదిగా చూసి తన భాషలో ఏదో అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. లిన్ మొహమాటపడుతూ చెప్పింది: “డోలు వింటే అరికాళ్లు దురద పెడతాయని మాలో ఓ మాట. రాజుగారి బూట్లు ఎంత గట్టివో చూద్దాం అంటున్నాడు.” తర్వాత మెల్లగా అంది: “జంట తక్కువైతే నేనే లేచొస్తానని నాన్న అనేవాడు. హాస్యానికే.”

డోలు మొదలైంది. ఆయన పాట ఎత్తుకున్నాడు. నా చేతిలో టీ కప్పు ఉంది. అంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది.

ఆ తర్వాతిది మా ఆవిడ చెప్పినది. ఆమె వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో పనిచేస్తుంది, ఉన్నదానికి చిలవలు చేర్చే మనిషి కాదు. నేను కప్పు కింద పెట్టి, బూట్లు విప్పి, నాలుగోవాడి చోట నిలబడ్డానట. డోలాయన పిలుపు పూర్తికాకముందే అడుగు మార్చానట. వానకోయిల గూటికి మట్టి తీసుకోవడం అని ఒక భంగిమ ఉంది. జంటలో ఒకడు చేతిరుమాలు నేలమీద వేస్తే, రెండోవాడు పూర్తిగా గొంతుక్కూర్చుని, వంగి నోటితో అందుకోవాలి. నేను అందుకున్నాను. వీరభద్రరాజు గారి మునిమనవణ్ణి, కాంక్రీటు నేలమీద, పళ్లతో.

“ఏవండీ, మీ కాలు!” అని ఆమె అరిచిందట. ఆ కేకకే నాకు స్పృహ వచ్చింది. నోట్లో రుమాలు ఉంది. కుడి మోకాలు పూర్తిగా మడిచి ఉంది, నొప్పి లేదు. రుమాలు తీయబోతే కుడి చెయ్యి లేవలేదు. భుజం దగ్గరే ఆగిపోయింది. ఎడం చేత్తో తీసుకున్నాను.

డోలు ఆగింది. లిన్ నా భుజం వైపే చూస్తోంది. ఏడుపు ఆపేసింది. పేటికకు దండం పెట్టి, తన భాషలో ఒక్క మాట అంది. దాని అర్థం నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి చెయ్యి మామూలుగా లేచింది, మోకాలు మళ్లీ బిగుసుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. పలక ఉన్నచోటే ఉంది. అంత వంగడం కుదరదు, మీ ఆవిడ పొరబడి ఉంటుందన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు.

అప్పటినుంచి నా పాదాలకు నిలకడ లేదు. ఆఫీసులో బల్లకింద కదులుతూనే ఉంటాయి. రైలు పట్టాల చప్పుడు వింటే అరికాళ్లు దురద పెడతాయి. అలసట అనుకుందామన్నా, భ్రమ అనుకుందామన్నా ఆ భుజం అడ్డొస్తుంది.

ఇంకొక్కటి, మా ఆవిడకు కూడా చెప్పనిది. ఆ డోలు దరువు నాకు కొత్తగా అనిపించలేదు. మా గుమ్మం మీద మోగినదే అనిపించింది. కానీ మా నగారా ఎలా మోగేదో నేను ఏనాడూ వినలేదు. నేను పుట్టకముందే మా తాతగారు దాన్ని రాగి తూకానికి అమ్మేశారు.