ఉమ్మడి గోడ

హైమావతి ఆ ఇంట్లో దిగిన తొలి సాయంత్రమే అగరుబత్తి పొగ ఉత్తరపు గోడవైపు వాలింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొగ జానెడు ఎత్తు నిటారుగా లేచి, ఎవరో మెల్లగా పిలిచినట్టు తల తిప్పి, గోడకు తాపిన చెక్క పలకల సందులోకి వెళ్ళిపోయింది. చిన్ననాటి నుంచీ దేవుడికి దణ్ణం పెడుతున్న మనిషే గానీ, ఆ దణ్ణం ఎక్కడికైనా చేరుతున్న ఆనవాలు ఆమె చూడటం అదే మొదలు. మర్నాడే దేవుడి అలమరను ఆ గోడకు బిగించుకుంది.

ఆ ఊరు గ్వెల్ఫ్ నగరానికి ఉత్తరాన, మొక్కజొన్న చేల మధ్య ఒదిగిన పల్లె. ఇల్లు నిజానికి సగం ఇల్లు. పాతకాలపు రాతి కట్టడాన్ని నడిమి గోడ ఒకటి రెండు కాపురాలుగా విడదీసింది. అవతలి సగం వెంకటేశ్వర రావుగారిది. ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో రిటైరై ఆ పల్లెకు చేరిన తొలి తెలుగువాడు ఆయన. ఇవతలి సగం ఖాళీ అయిందని హైమావతికి కబురు పంపిందీ ఆయనే. అంతకు ముందు అందులో ఆగ్నెస్ అనే వృద్ధురాలు ఒంటరిగా ఉండేది. ఒక జనవరిలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు ఆమె మేనల్లుడు ఉత్తరపు గోడకు చెక్క పలకలు తాపించాడు. ధర తక్కువకు రావడానికి ఆ చావు ఒక కారణమని హైమావతికి తెలుసు. చావు జరగని ఇల్లు ఎక్కడ దొరుకుతుందిలే అని కొనుక్కుంది.

భర్త భరద్వాజ్‌తో విడిపోయిన నాటి నుంచి ఆమె ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోలేదు. గ్వెల్ఫ్ యూనివర్సిటీ హాస్టల్ వంటగదిలో ఉద్యోగం చేసినంత కాలం, మిగిలిన కూర ఇంటికి పట్టుకెళ్ళమన్నా వద్దనేది. ఇవ్వడం గురించి లోకంలో చాలా ఆలోచన జరిగింది. తీసుకోవడానికి మనిషి తన లోపల ఏ తలుపు తెరవాలో ఆలోచించినవారు తక్కువ. ఆమె ఆ తలుపు తెరవలేదు. ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ధర పెరిగిన కొద్దీ గదులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, చివరికి చలికాలమంతా దేవుడి అలమర ఉన్న గదిలోనే బతకడం మొదలుపెట్టింది.

"అమ్మా, జస్ట్ అప్లై. ఇట్స్ యువర్ టాక్స్," అనేది వాన్ నగరంలో ఉండే కూతురు అనన్య, ఫోన్ చేసినప్పుడల్లా.

కూతురి మాట కన్నా రావుగారి పోరు గట్టిది. ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని ఆ ఊళ్ళో మొదట అందుకున్నవాడు ఆయన. అది మొదలు ఊరందరి చేతా అప్లై చేయించడం వ్రతంలా పెట్టుకున్నారు. ఆ ఏడాది హైమావతి లొంగింది.

సాయం అందాలంటే ముందు ఇంటికి పరీక్ష జరగాలి. పరీక్ష చేసే అమ్మాయి వచ్చి వీధి తలుపుకు ఎర్రటి గుడ్డ బిగించి, దాని మధ్య పెద్ద ఫ్యాను తిప్పింది. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కడి నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ రాకను పొగతో పసిగడతారు. ఆమె తెచ్చుకున్న పొగపుల్ల తడిసి అంటుకోకపోతే హైమావతి అగరుబత్తి వెలిగించి ఇచ్చింది.

ఇద్దరూ గది గదీ తిరిగి దేవుడి అలమర ముందుకు వచ్చారు. ఇన్నేళ్ళూ గోడలోకి వెళ్ళిన పొగ ఆ రోజు గోడ నుంచి వెనక్కి తిరిగి హైమావతి ముఖాన కొట్టింది. దాని వెంట ఒక వాసన వచ్చింది. పాత మసి, చల్లారిన బూడిద, ఆ అడుగున గంధం. అది తన గంధమేనని ఆమె గుర్తుపట్టింది. ప్రతి సాయంత్రం తాను అర్పించినదంతా ఎవరో పుక్కిట పట్టి ఉంచి, ఇప్పుడు మెల్లగా ఊదుతున్నట్టు ఉంది.

అలమర జరిపి పలకలు ఊడదీశారు. కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తున, రాళ్ళ మధ్య సున్నం గీకి ఒక రాయి తొలగించి ఉంది. లోపల అరచెయ్యి పట్టేంత గూడు. గూటి చివర ఒక ఇటుక. అది బీటలు వారింది. కానీ దాని ముఖం మాత్రం నీటిలో దొర్లిన గులకరాయిలా నున్నగా అరిగిపోయి ఉంది.

"ఈ ఇటుక అవతలి ఇంటి చిమ్నీది," అంది పరీక్ష చేసే అమ్మాయి టార్చి వేసి. "అక్కడ కట్టెల పొయ్యి ఉండేదా?"

"ఉండేదట. తీసేశారు."

"బీటల్లోంచి మీ వేడంతా ఆ ఖాళీ చిమ్నీ ఎక్కి పోతోంది. దీన్ని పూడ్చాలి. రెండో పరీక్షకు ముందే."

ఆ గూడు ఎవరు చేశారో హైమావతి అడగలేదు. అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు.

అక్టోబరులో ఊరి హాలులో సాయం అందుకున్నవాళ్ళు తమ అనుభవాలు చెప్పుకునే సాయంత్రం ఒకటి ఉంటుంది. ఒక పాడిరైతు తన తల్లి కాళ్ళవాపు తగ్గిందని చెప్పాడు. ఒకావిడ కిటికీలు మార్చాక పక్షుల అరుపులు వినబడటం లేదని కాస్త దిగులుగా చెప్పింది. రావుగారు తన కథను మైకులో ఇంగ్లీషులో చెప్పి, తెలుగువాళ్ళ బల్ల దగ్గరికొచ్చి ఉప్పూ కారం చల్లి మళ్ళీ అందుకున్నారు. బల్ల దగ్గర హైమావతి కాక, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే కిరీటి, అతని భార్య చాందిని ఉన్నారు.

"మళ్ళా అదే కథనా అంకుల్? నాకు బట్టీ వచ్చేసింది," అంది చాందిని.

"కథ పాతదే తల్లీ, వినేవాళ్ళు కొత్త. హైమావతి ఈ ఏడే కదా మన మతంలో కలిసిందీ!" రావుగారు కుర్చీ లాక్కున్నారు. "నాకు కట్టెల పొయ్యి ఉండేదమ్మా. తెల్లారి లేస్తే కట్టెలు మోయడం, బూడిదెత్తడం, నడుం పట్టేయడం. సాయం వచ్చింది, పొయ్యి పీకించి, కరెంటుతో ఇల్లంతా వెచ్చబెట్టే హీట్ పంప్ పెట్టించాను. పక్కింటి ఆగ్నెస్‌కి కూడా చెప్పాను. నువ్వూ అప్లై చెయ్యవే, కాగితాలన్నీ నేను చూసుకుంటానని. ఏవందో తెలుసా? 'నాకు నా గోడ ఉంది' అంది!"

"గోడేంటంకుల్?" అన్నాడు కిరీటి.

"గోడేనయ్యా! మా ఇంటికీ ఆవిడింటికీ మధ్య గోడ. ఎప్పుడెళ్ళినా దానికి కుర్చీ ఆనించుకుని కూర్చునేది. పెద్దతనం కదా, మాట అలా తిరిగిపోతుంది. అసలు తమాషా వినండి. పొయ్యి తీసేసిన మొదటి చలికాలం, పొద్దు వాలేసరికి ఆ గోడ టక్, టక్, టక్ మనేది. టెక్నీషియన్ని పిలిస్తే, చిమ్నీ చల్లారి ముడుచుకుంటోంది సార్, కొన్నాళ్ళు పడుతుంది అన్నాడు. వాడన్నట్టే జనవరికి దానంతటదే ఆగిపోయింది. గోడకీ అలవాటైపోయింది!"

బల్లంతా నవ్వింది. హైమావతి అరచేతికి బల్ల కింద ఆ ఇటుక నునుపు తగిలినట్టయింది.

"ఏవమ్మా, నీ అనుభవం చెప్పవూ?"

"గోడలో చిన్న కన్నం బయటపడిందండీ. శనివారం కిరీటి పూడుస్తానన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఇంటికి వెళ్ళే దారిలో ఆమెకు అంతా ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఆగ్నెస్ ఎన్ని చలికాలాలు ఆ ఇటుక మీద చెయ్యి వేసి గడిపిందో. ఎవరినీ అడగలేదు కనుక ఆ వెచ్చదనానికి ఋణం లేదు. ఆ లెక్క హైమావతికి తెలుసు, తనదీ అదే లెక్క. తరువాత ఒక శరత్కాలంలో, ఏ హెచ్చరికా లేకుండా, గోడ చల్లబడింది. ఆ టకటకలు పొరుగువాడికి పిలుపు కాకపోవచ్చు. ఆగిపోయిన ఛాతీని తట్టి చూసినట్టు, గోడనే తట్టి ఉండవచ్చు.

రావుగారు ఏ తప్పూ చేయలేదు. తప్పు ఉన్న చోట నిజం చెప్పడం సులువు, దానికి వెళ్ళే చోటు ఉంటుంది. ఇక్కడ చెబితే ఆ వృద్ధుడు మిగిలిన చలికాలాలన్నీ ఆ గోడ పక్కనే బతకాలి. చెప్పకుండా శనివారం పూడ్చేస్తే, ఒక మనిషి ఎలా పోయిందో తెలిసిన మనిషి భూమ్మీద తానొక్కతే మిగులుతుంది. ఏది చేయాలో ఆమెకు తేలలేదు.

శుక్రవారం పనివాళ్ళు వచ్చి, ఇల్లు వెచ్చబెట్టే పాత ఆయిల్ ఫర్నెస్ ఊడదీసుకుపోయారు. కొత్త యంత్రం సోమవారం మొదలవుతుంది. "ఆ రెండ్రోజులూ మా ఇంట్లో ఉండండాంటీ," అని కిరీటి ఫోన్ చేశాడు. "ఎందుకు నాయనా, దుప్పట్లున్నాయిగా," అని పెట్టేసిన తరువాత, ఆ మాట అన్నది తానా, ఆగ్నెస్సా అని ఆమెకు ఒక క్షణం అనుమానం వచ్చింది.

పొద్దు వాలింది. నోటి నుంచి ఆవిరి వస్తోంది. అగరుబత్తి వెలిగిస్తే పొగ ఎప్పటిలాగే తల తిప్పి గూట్లోకి నడిచింది. కోటు తొడుక్కుని, గోడకు కుర్చీ ఆనించి కూర్చుని, గ్లవ్ తీసి చెయ్యి గూట్లో పెట్టింది. చెయ్యి సరిగ్గా పట్టింది. ఇటుక ఇనుములా చల్లగా ఉంది. అవతల రావుగారి టీవీ సన్నగా వినబడుతోంది. ఇక్కడ తడితే అవతలికి వినబడుతుందా, వినబడదా? అదొక్కటి తెలిస్తే చాలనిపించింది. వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది. ఎవరూ పలకలేదు. ఫోన్ మోగలేదు. లేచి వెళ్ళి దుప్పట్ల కింద దూరింది.

మర్నాడు పొద్దున్నే కిరీటి సున్నం బకెట్‌తో వచ్చాడు. వెనకే రావుగారు, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని.

"చూశావా హైమావతీ, నిన్న సాయంత్రం గోడ మళ్ళీ మొదలైందమ్మా. ఇన్నేళ్ళ తరువాత! ఆ టెక్నీషియన్ని మళ్ళీ పట్టుకోవాలి."

ఏమీ అనకుండా ఉండిపోవచ్చు. ఆమె నోరు ఆ పనికే సిద్ధమైంది.

"అది నేనే రావుగారూ."

"నువ్వా?" ఆయన నవ్వారు. "ఫోన్ చేస్తే వస్తాను కదమ్మా, గోడ బాదడం ఎందుకూ?"

"అవతలికి వినబడుతుందో లేదో చూద్దామని."

నవ్వు ఆయన ముఖం మీద కొంతసేపు నిలిచి, మెల్లగా దిగిపోయింది. ఆమె పక్కకు జరిగింది. ఆయన గూడు చూశారు. దాని ఎత్తు చూశారు. దాని కింద ఉన్న కుర్చీని చూశారు. ఆయన నెమ్మదిగా ఆ కుర్చీలో కూర్చుని, చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోనిచ్చారు.

"ఎంతసేపు కొట్టావమ్మా?" అని అడిగారు.

"మూడుసార్లండీ. అంతే."

"మూడుసార్లేనా?"

"ఆ."

"నేను టీవీ కట్టేసి, అన్నం తిని, పడుకునేదాకా వినబడింది."

కిరీటి బకెట్ కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆంటీ, మరి పూడ్చేదా?"

"కాస్త ఆగు నాయనా," అన్నారు రావుగారు, చెయ్యి బయటికి తీయకుండా. మాటతో పాటు ఆయన నోటి నుంచి ఆవిరి వచ్చింది. "ఇటుక వెచ్చగా ఉంది."