పెట్రోల్ దొంగ అన్న మాట

ఆశీర్వాదం స్టీరింగు పట్టి ఇరవై రెండేళ్లు. పుట్టింది కాగజ్‌నగర్‌లో. వాళ్ల బాపు అక్కడి కాగితం మిల్లులో పని చేస్తూ, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. మిల్లు మూతపడ్డ ఏడాది ఆశీర్వాదం పెళ్లాం పిల్లలతో జైనూర్‌ వచ్చి, టీకాల క్యాంపులకు తిరిగే అద్దె కారుకు డ్రైవరుగా కుదిరాడు. ఇన్నేళ్లలో అతణ్ణి ఎవరూ వేలెత్తి చూపలేదు.

మొన్న జూలైలో, క్యాంపులు నడిపే విజయేందర్ సార్ చూపించాడు.

టీకాల డబ్బాతో ఘాటు రోడ్డు ఎక్కుతుండగా పెట్రోల్ ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. రెండు జర్కులిచ్చి ఇంజిన్ ఆగిపోయింది. పక్కనే చాయ్ హోటల్. పది మంది మూగారు.

“పొద్దుగాల నింపిన్నంటివి. ఏడ పోయింది పెట్రోల్? ఎవనికి అమ్ముకున్నవ్?” అని సార్ అందరి ముందే గద్దించాడు.

ఆశీర్వాదానికి చెవులు వేడెక్కాయి. “అమ్ముకునుడేంది సార్? ముల్లు ఎగురుతుంది, మెకానిక్కుకు చూపిద్దామని రెండుసార్లు చెప్పిన. తర్వాత చూద్దామన్నది మీరే.”

“ముల్లు సున్నా మీదున్నది, బండి ఆగింది. దొంగను పట్టుకునేతందుకు ఇంకేం గావాలె?”

వెనక సీట్లో ఉన్న నర్సు తారాబాయి ఊరుకోలేదు. “నింపంగ నేను పక్కనే ఉన్న సార్,” అంది. సార్ తల కూడా తిప్పలేదు.

ఆశీర్వాదం తాళం తిప్పి చెవి ఒగ్గాడు. తాళం తిప్పగానే వెనక సీటు కింద, ట్యాంకులోంచి పెట్రోల్ లాగే పంపు కాసేపు గుయ్యిమనాలి. చప్పుడే లేదు. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. పంపుకు కరెంటు అందించే రిలే మార్చి చూశాడు, అదే తంతు. బ్యాటరీ తీగ విప్పేసి, వెనక సీటు లేపి, పంపు మీది మూత తీశాడు. సార్ అప్పుడే సిగరెట్ బయటికి తీస్తున్నాడు.

“అగ్గిపెట్టె జేబుల పెట్టుండ్రి! కిందున్నది పెట్రోల్ ట్యాంకు!”

పంపుకూ, ముల్లును నడిపే ఫ్లోటుకూ కలిపి ఒకటే ఎర్తు తీగ. దాని కొస చిలుము పట్టి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. పంపు గుయ్యిమంది. ముల్లు లేచి ముప్పావు దగ్గర నిలిచింది. బండి స్టార్టయింది.

“సరే, నడువ్. టైం అయితుంది,” అన్నాడు సార్.

“దొంగ అని అందరి ముందల అన్నరు. తప్పయిందని గూడ అందరి ముందల్నే అనుండ్రి.”

సార్ కారెక్కి అద్దం పైకి లాక్కున్నాడు. డబ్బాలో ఐసు కరుగుతోంది, అవతల గూడెంలో పసిపిల్లల తల్లులు ఎదురుచూస్తున్నారు. ఆశీర్వాదం పళ్లు బిగబట్టి బండి నడిపాడు. సాయంత్రం మాత్రం తాళాలు తెచ్చి సార్ టేబుల్ మీద పెట్టాడు.

“గా మాట వాపసు తీసుకునేదాక నేను బండెక్క.”

రెండు రోజులు సార్ ఆటోల్లో గుట్టలెక్కాడు. మూడో రోజు ఆశీర్వాదాన్ని వెంటబెట్టుకుని ఆ హోటల్‌కు వచ్చి, చాయ్ తాగేవాళ్లు వింటుండగా, “ఆశీర్వాదం తప్పేం లేదు. తీగ ఖరాబైంది,” అన్నాడు నేల చూస్తూ.

“నన్ను దొంగ అన్నది తీగ కాదు గద సార్, మీరు.”

“అవ్, నాదే తప్పు,” అన్నాడు సార్ చివరికి.

ఆశీర్వాదం తాళాలు తీసుకున్నాడు. బండి మునుపటిలాగే నడుపుతున్నాడు గానీ సార్ పలకరించినా ముక్తసరిగానే బదులిస్తాడు. ఆ తీగ కొసకు కొత్త కనెక్టరు కావాలని అతను రాసిచ్చిన కాగితం మీద ఇప్పటికీ సార్ సంతకం పడలేదు. సీటు కింద టేపు చుట్టిన ఆ తీగ గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఒళ్లు మండుతుంది.