స్టేజీ కాడ అడుగరాని మాట

మా దిక్కు మనిషి కాలు బయట పెట్టినంక "ఏడికి పోతున్నవ్" అని అడుగుతే పోయిన పని కాదంటరు. అడిగినోళ్ళను ముందుగాల తిడతరు. తర్వాత మర్లివచ్చి కూసోని, ఇన్ని నీళ్ళు తాగి మళ్ళ బయలెల్లుతరు. చిన్నప్పుడు ఈ మాట అడిగి మా అవ్వ చేతుల ఎన్ని దెబ్బలు తిన్ననో లెక్క లేదు. గసొంటి నాకు దొరికిన కొలువేందంటే, పొద్దుగాల ఆరింటికెల్లి బస్సు స్టేజీ కాడ నిలవడి, వచ్చినోళ్ళనల్ల "ఏడికి పోతున్నరు" అని అడుగుడు.

వచ్చే ఇరువై ఏండ్లకు రాష్ట్రంల ఏ రోడ్డు వెడల్పు జెయ్యాలె, ఏ ఊరికి ఏ బస్సు నడవాలె అని ప్లాను రాస్తున్నరు. ఆ ప్లానుకు కిందికెల్లి లెక్క తెచ్చేటోళ్ళం మేము, మెడల కార్డు, చేతుల ట్యాబు. నాకు మా అత్తగారి ఊరి స్టేజే పడ్డది, చేర్యాల అవతల, ధూళిమిట్ట దిక్కు. ఇంటి కాడి పని, మంచిగైంది అనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

మూడు రోజులు అడిగిన. ఒకలు "గీడికే" అంటరు, ఇంకొకలు "ఊకెనే" అంటరు. ఒక ముసలాయన "కాశికి పోతున్న, వస్తవా" అన్నడు. దవాఖాన ఫైలు చంకల పెట్టుకొని సిద్దిపేటకు పోయేటాయనది గీడికే, కోర్టు వాయిదాకు పోయేటామెది గూడ గీడికే. చెప్పింది చెప్పినట్టు రాయాలె, మన సొంతం కలపద్దు అని ట్రైనింగుల మరీ మరీ చెప్పిన్రు. నేను "మండలం లోపట" అని నొక్కుకుంట పోయిన.

మూడో రోజు పొద్దుమీకి మా సూపర్‌వైజర్ సారు, హైదరాబాదు మనిషి, లెక్కలు చూసిండు. "ఈ రూట్లో అందరూ దగ్గరికే వెళ్తున్నారు మేడం. సిద్దిపేటకి డైరెక్ట్ బస్సు అవసరం కనిపించట్లేదు. చేర్యాల దాకా చిన్న బండి చాలని రాస్తాం. రేపటితో ఇక్కడ సర్వే అయిపోతుంది" అన్నడు.

మా అత్తమ్మకు రెండు కిడ్నీలు పోయినయి. వారానికి మూడుసార్లు సిద్దిపేటల డయాలసిస్. ఏడింటి డైరెక్టు బస్సుకు పోతేనే తొమ్మిదింటికి ఆమె వంతు అందుతది. నడుమల దిగి, నిలవడి, ఇంకో బండి ఎక్కుడు ఆమెతోని కాదు. మా ఆయన భీవండిల మగ్గాల కాడ ఉంటడు, బండి మీద తోలుకపోయేటోళ్ళు లేరు. ఆ బస్సు పోతే మా అత్తమ్మ పోతది, గంతే.

తెల్లారి అత్తమ్మ స్టేజీకి వచ్చింది. మిషిన్ మీద పండుకొని రెండు రోజులైతుంది, కాళ్ళు వాచి చెప్పులు పడ్తలేవు. ఈమె పదిమంది ముంగట నిజం చెప్తే మిగిలినోళ్ళు గూడ చెప్తరని నాకొక పాడు ఆలోచన వచ్చింది. "అత్తమ్మా, ఏడికి పోతున్నవ్?" అన్న.

అత్తమ్మ నా మొఖం చూసింది. "నువ్వు గూడ అడుగుతవా పిల్లా" అని పోయి బండ మీద కూసున్నది. "నా పక్క మంచం ఆమెను గిట్లనే ఎవలో అడిగిన్రట. మిషిన్ మీదికెల్లి మళ్ళ లేవలే. ఇంటికి పోయి నీళ్ళు తే."

సీసల నీళ్ళిస్తే ముట్టలే, ఇంటి నీళ్ళే కావాలన్నది. ఉరికిన. నేను బిందెల చెంబు ముంచేటాళ్ళకే బస్సు హారను ఇనవడ్డది, ఒకసారి, ఇంకోసారి. చెంబు పట్టుకొని వచ్చేసరికి బస్సు పోయింది, ఆమె బండ మీదనే ఉన్నది. తర్వాతి బస్సు పదింటికి.

ఏ బండి దొరకక కూసుంటే, తొమ్మిది కొట్టేయాళ్ళకు సారు కారు వచ్చి ఆగింది. "సార్, లెక్కలు తర్వాత, ముందు కారు తిప్పుండ్రి" అన్న. తొవ్వ పొడుగునా అత్తమ్మ ఎగపోస్తనే ఉన్నది. నాకు భయమైనకొద్దీ కోపం లేస్తది. "గీడికే అన్నోళ్ళందరు సిద్దిపేటకే పోయిన్రు సార్. నేను రాసిందంత అబద్ధం" అన్న. "మరి ముందే చెప్పొచ్చు కదా" అన్నడు. "చెప్పింది చెప్పినట్టు రాయమన్నది మీరే గద" అన్న.

మేము పోయేసరికి ఆమె మంచం ఇంకొకలకు ఇచ్చిన్రు. పన్నెండింటి దాకా ఆగుమన్నరు. ఆమె కుర్చీల నోరు తెర్సుకొని ఊపిరి గుంజుతుంటే, ఎదురుంగ నేను తిట్టుకుంట కూసున్న, ప్లానును, ట్యాబును, అన్నిటికంటె ఎక్కువ నన్ను. ఆడ కూసున్నప్పుడే తట్టింది. పోయేటోళ్ళను అడుగరాదు. ఇంటికి వచ్చినోళ్ళను అడుగుతే తప్పేంది? వాళ్ళు అడుగకున్నా చెప్తరు. సారుకు చెప్పిన. ఆయన ట్యాబు తిరగేసి, బస్సు దిగేవాళ్ళ పేజీ ఒకటి ఉందన్నడు. మూడు రోజులు మేము దాన్ని తెరువనే లేదు.

పన్నెండింటికి ఆమెను మిషిన్ మీద పండవెట్టిన్రు. ఇడిసిపెట్టి పోబుద్ధి గాలే. "నువ్వు పో బిడ్డా, నేను సాయంత్రం బస్సుకు వస్త" అన్నది.

పొద్దుమూకే యాళ్ళకు బస్సు వచ్చింది. దిగినోళ్ళను దిగినట్టే "ఏడికెల్లి వస్తున్నరు" అని అడిగిన. ఫైలాయన సిద్దిపేట డాక్టరు చెప్పిందంత చెప్పి, మందులు గూడ చూపెట్టిండు. వాయిదా మళ్ళ పడ్డదని కోర్టు ఆమె వకీలును నా ముంగటనే తిట్టింది. రాసి రాసి నా యేలు నొచ్చింది. అందరు దిగిన్రు. అత్తమ్మ దిగలే.

నేను ఉరికి బస్సు ఎక్కపోతుంటే కండక్టరు ఆమె రెక్క పట్టుకొని మెల్లగ దించిండు. మొఖంల వాపు తగ్గింది. నా ముంగటికి వచ్చి నిలవడ్డది. "అడుగు మరి" అన్నది.

"ఏడికెల్లి వస్తున్నవ్ అత్తమ్మా?"

"సిద్దిపేట దవాఖానకెల్లి. వారానికి మూడుసార్లు, గీ బస్సులనే. రాసుకో."

ఆఖరుకు ఒక ప్రశ్న మిగిలింది. నేను దాటేద్దామనుకున్న, ఆమె చూసింది. "ఇంకేమున్నది, చదువు" అన్నది. చదివిన: "ఈ ప్రయాణం ఇంకా ఎన్నేండ్లు చేస్తరు?"

"ఇరువై అని రాయి" అన్నది.

"అత్తమ్మా..."

"చెప్పింది చెప్పినట్టు రాయాలె గద. నేను కాకుంటే ఇంకొకలు పోతరు. బస్సైతే ఉండాలె."

ఇరువై అని నొక్కిన.