పెనుకొండలో దిగాల్సిన రోజు

డిప్లొమా అయ్యాక అప్రెంటిస్‌గా చేరి, రోజూ హిందూపురం నుంచి ధర్మవరం పోయే ప్యాసింజర్‌లో వెళ్లేవాణ్ణి. నేనూ, అదే బండిలో వచ్చే ముగ్గురు గుమాస్తాలూ, నలుగురం మోకాళ్ల మీద తువ్వాలు పరిచి రమ్మీ ఆడేవాళ్లం. ఆట ముగిసేదాకా, ముక్కలు పడేసి డ్రాప్ అయినవాడు కూడా లేవకూడదు.

ఆ రోజు పెనుకొండలో నాకు పర్మనెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పంచిన ముక్కల్లో జోకర్ ఉంది గానీ, వరస ఒక్కటీ లేదు. మామూలుగా అలాంటివి మొదట్లోనే పడేస్తాను. కానీ పడేస్తే మిగతావాళ్ల ఆట ఎప్పుడు తెగుతుందో? నేనే ముక్కలన్నీ కలిపి షో చెబితే ఆట ముగుస్తుంది, లేవొచ్చు. అందుకే ఆడాను.

పెనుకొండలో బండి ఆగింది.

"దిగాల, వదలండప్పా."

"షో చెప్పి దిగబ్బా, ఎవరు వద్దన్న్యారు?" అన్నాడు ఎదుటి గుమాస్తా. అందరూ నవ్వారు.

బండి కదిలాక నాకు కావలసిన ఇస్పేటు ఏడు వచ్చింది. కిటికీలో స్టేషన్ వెనక్కి పోతుంటే, షో అన్నాను.