అసలు ఫోటో అడగని రోజు

మొన్న ఎదురింటాయన వాట్సాప్‌లో ఏదో ఫోటో పంపి, నిజమో కల్పితమో చెప్పమన్నాడు. తీసిన ఫోను తెస్తేగానీ నోరు విప్పనన్నాను. ముసలాడికి బెట్టు ఎక్కువైందనుకుని ఉంటాడు. నాకు మాత్రం మైలాపూరులో మా పిన్ని ఇల్లు, ఆ ఇంట్లో పదిహేనేళ్లు వంట చేసినావిడ గుర్తొచ్చారు.

అప్పట్లో ఫోటోల్లో అతుకులు పట్టుకోవడం నా ఉద్యోగం. నీడ ఎటు పడింది, అంచు ఎక్కడ చెదిరింది అని చూసీ చూసీ, పెళ్లి ఆల్బమ్ చేతికిచ్చినా భూతద్దం వెతుక్కునే రకంగా తయారయ్యాను. పిన్ని పోయాక ఆమె రెండు పేటల గొలుసు కనపడలేదు. వంటావిడని అడిగితే, తన కూతురి సీమంతానికి పిన్నే వచ్చి గాజులు తొడిగి, ఆ గొలుసు పిల్ల మెళ్లో వేసిందని చెప్పింది. సాక్ష్యంగా పిన్ని కొడుక్కి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. "నువ్వే చూసి చెప్పన్నా" అని వాడు నాకు చూపించాడు. ఇంటినిండా చుట్టాలు, అందరి కళ్లూ నా మీద. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. పెద్దది చేసి చూస్తే గొలుసు చుట్టూ అంచులు మసకగా చెదిరి ఉన్నాయి. తీసిన తేదీ లేదు, కెమెరా వివరాలు లేవు. "ఇది అతికించింది" అని అందరి ముందూ తేల్చేశాను. ఆవిడ "అమ్మ ఉంటే చెప్పుండును" అని వెళ్లిపోయి, మర్నాడే గొలుసు తిప్పి పంపేసింది.

వాట్సాప్ ఫోటోని నలిపి చిన్నది చేస్తుంది, తేదీలూ వివరాలూ చెరిపేస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఈ పాఠం మొదటిరోజే చెప్పేవాణ్ణి నేనే.

నాలుగు నెలల తర్వాత ఆవిడ కూతురు చంకలో పసిబిడ్డతో మా ఇంటికొచ్చి, తన ఫోను నా ముందు పెట్టింది. అసలు ఫోటో చూపించమని ఫోన్లు బాగుచేసే ఆయనెవరో చెప్పాడట. ఒకదాని వెనక ఒకటి మూడు ఫోటోలు, వివరాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. గొలుసు పట్టుకున్న పిన్ని, కొక్కెం బిగిస్తున్న పిన్ని, బోసినోటితో నవ్వుతున్న పిన్ని.

"అయ్యా, ఒక్క మాట అడిగుంటే ఆ పొద్దే తెచ్చుందుమే. మీ పిన్నమ్మ వీధిలో అప్పట్నించి మా అమ్మని ఎవురూ వంటింట్లోకి రానీలే" అంది.

ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి తప్పు నాదని చెప్పుకున్నాను. పిన్ని కొడుకు గొలుసు పట్టుకెళితే ఆవిడ ముట్టుకోలేదు. పిన్ని ఆ కొక్కెం బిగించిన క్షణాన్ని ఫోను సెకన్లతో సహా చెప్పింది. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో మాత్రం ఆవిడే చెప్పాలి, అడిగే మొహం నాకు లేదు.